సదస్సుకి పట్టుకెళ్ళాల్సిన ఒక్క ప్రశ్న

2022 నవంబరు 14 రాత్రి గుంటూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి మా నలుగురి చేతుల నిండా సామానే. రెండు సెన్సర్ పెట్టెలు, ఒక ల్యాప్‌టాప్, గొట్టంలో చుట్టి పెట్టిన ఫ్లెక్సీ, ఐదొందల విజిటింగ్ కార్డులు, ఇస్త్రీ నలగకుండా పైన పెట్టుకున్న చొక్కాల సంచి. బెంగళూరు టెక్ సమ్మిట్‌కి వెళ్తున్నాం. 1998లో బ్యాంగళూర్ ఐటీ డాట్ కామ్ పేరుతో మొదలైన ఆ సదస్సుకి అది 25వ ఏడు. 16 నుంచి 18 దాకా మూడు రోజులు, బెంగళూరు ప్యాలెస్‌లో. మాకు మాత్రం అదే మొదటి సదస్సు.

మా పని గురించి రెండు మాటలు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో వేడి ఎంతుందో, తేమ ఎంతుందో కొలిచి యజమాని ఫోనుకి పంపే పరికరం మాది. మిర్చి యార్డులో ధర లేనప్పుడు రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చి స్టోరేజీలో పెడతాడు. ఇవాళ కాకపోతే రేపు రేటు వస్తుందని నెలల తరబడి చూస్తాడు. ఈలోగా కాయ రంగు తగ్గినా, బూజు పట్టినా ఆ చూసిన చూపంతా వృథా. మా ఇంట్లోనే ఒకసారి అలా జరిగింది. పెదనాన్న నల్లబడ్డ తేజ రకం మిరపకాయల్ని దోసిట్లోకి తీసుకుని మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ రోజు చూసిన దృశ్యంలోంచే ఈ పరికరం పుట్టింది.

రైల్లో మార్కాపురం వచ్చేదాకా మేం కసరత్తు చేసింది ఒక్కటే: స్టాల్ దగ్గరికి వచ్చిన మనిషికి రెండు నిమిషాల్లో ఏం చెప్పాలి? నేను చెప్తుంటే మా బావమరిది ఫోనులో టైము చూశాడు. తర్వాత అతను చెప్పాడు, నేను చూశాను. హార్డ్‌వేర్ చూసే అమ్మాయి వాక్యాలు కత్తిరించింది. తెల్లారేసరికి నలుగురికీ ఒకే పాఠం కంఠతా వచ్చింది. ఆ రాత్రి అంతసేపు కూర్చున్నందుకు నాకిప్పటికీ సంతోషమే, కానీ ఆ గంటలు మళ్ళీ దొరికితే వేరే పనికి వాడతాను. చెప్పాల్సిన మాటకి బదులు, అడగాల్సిన ప్రశ్న ఏమిటో తేల్చుకుంటాను.

ఎలాంటి ప్రశ్న?

సదస్సుకి బయల్దేరే ముందు బృందమంతా కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న రాసుకోండి. దానికి జవాబు మీ ఊళ్ళో, మీ ఆఫీసులో, మీకు తెలిసినవాళ్ళ దగ్గర దొరక్కూడదు. దొరికితే ఇంత దూరం వెళ్ళడం దేనికి? ఇంకోటి, జవాబు వచ్చాక మీరు చేసే పనిలో ఏదో ఒకటి మారాలి. ఏ జవాబు వచ్చినా సోమవారం ఉదయం అదే పని చేస్తామంటే ఆ ప్రశ్న పనికిరాదు, కొట్టేయండి.

మేం ఆ మూడు రోజుల్లో మొదటి రోజు అందర్నీ అడిగిన ప్రశ్న ఇది: "మా పరికరం ఎలా ఉందండీ?" అందరూ బాగుందన్నారు. మన దగ్గర ఎదుటివాడి ముఖం మీద బాగాలేదని ఎవరూ అనరు. కుర్రాళ్ళు కష్టపడి ఇంత దూరం వచ్చారు, నొప్పించడం ఎందుకనుకుంటారు. అది వాళ్ళ మంచితనం. ఆ మంచితనం మీద ఆధారపడి వ్యాపారం నడపలేం. కాబట్టి అభిప్రాయం అడగొద్దు. జరిగిపోయిన సంగతి అడగండి. "పోయిన సీజన్లో మీ దగ్గర సరుకు పాడైనప్పుడు ఆ సంగతి మీకు మొదట ఎవరు చెప్పారు?" అని అడిగితే ఎవరూ మొహమాటానికి జవాబు చెప్పలేరు. హమాలీల ముఠా మేస్త్రీ చెప్పాడా, కొన్న వ్యాపారి చెప్పాడా, రైతు వచ్చి గొడవ పెట్టుకుంటే తెలిసిందా అని గుర్తు తెచ్చుకోవాల్సిందే. గుర్తు తెచ్చుకునే మనిషి మీకు తెలియనివి నాలుగు చెప్తాడు.

బడి పిల్లల యాప్ చేసేవాళ్ళయితే "మీ బడికి ఇది కావాలా?" అనడానికి బదులు "పోయిన నెల ఫీజు కట్టని తల్లిదండ్రులకి కబురు ఎలా పంపారు?" అని అడగొచ్చు. చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు "మీరు కిందటిసారి వెనక్కి పంపిన చీర ఏది, ఎందుకు పంపారు?" అని అడగొచ్చు. మాట చిన్నదే, అది తెరిచే తలుపు పెద్దది.

తీగ

మొదటి రోజు ఉదయం పదకొండు గంటలకి మా డెమో ఆగిపోయింది.

ఇంట్లో వందసార్లు నడిచింది. సెన్సర్ వైఫై మీద నా ఫోన్ హాట్‌స్పాట్‌కి, అక్కణ్ణుంచి సర్వర్‌కి, మళ్ళీ ల్యాప్‌టాప్‌కి. హాల్లో జనం నిండాక తెర మీద అంకె కదలడం మానేసింది. సెన్సర్ పాడైందనుకుని మా హార్డ్‌వేర్ అమ్మాయి స్క్రూలు విప్పింది. తప్పు సెన్సర్‌ది కాదు, మాది. అలాంటి చిన్న పరికరాలు ఎక్కువగా వాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా పనిచేసే వైఫై ఛానెళ్ళు మూడే: 1, 6, 11. బ్లూటూత్ కూడా ఆ బ్యాండ్‌లోనే నడుస్తుంది. వేల ఫోన్లు, వందల హాట్‌స్పాట్‌లు ఒకే కప్పు కింద చేరితే ఆ మూడు దారుల్లో మా చిన్న సెన్సర్ మాట వినిపించడం ఎంత కష్టమో ఆలోచించండి. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడు అమ్మా అని అరిచినట్టే. ఈ సంగతి చదువుకున్నదే. అయినా స్టాల్‌కి అన్వయించుకోవాలని మాకు తట్టలేదు.

మధ్యాహ్నానికి మా అమ్మాయి ఒక యూఎస్‌బీ తీగ తెచ్చి సెన్సర్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించింది. సర్వర్ లేదు, ఇంటర్నెట్ లేదు. అంకె మళ్ళీ కదిలింది. చూసేవాళ్ళకి కావాల్సింది అంతే. అప్పట్నుంచి మా నియమం ఇది: డెమో నెట్ లేకుండా నడవాలి. తీగతో నడిచేది ఒకటి, అదీ ఆగితే చూపించడానికి ఫోనులో ముందే తీసి పెట్టుకున్న వీడియో ఒకటి, రెండూ సిద్ధంగా ఉండాలి. బయల్దేరే ముందు రోజు ఇంట్లో వైఫై ఆపేసి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మొత్తం ఒకసారి నడిపి చూడండి. ఆ పరీక్ష పదిహేను నిమిషాల పని.

డెమో అనే మాట ఎత్తినప్పుడల్లా నాకు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గుర్తొస్తాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కంప్యూటర్ సదస్సులో ఆయన తొంభై నిమిషాల సేపు తన పని చూపించాడు. సుమారు వెయ్యి మంది చూశారు. మౌసు, తెర మీద మాట నొక్కితే ఇంకో చోటికి వెళ్ళే లింకులు, దూరంగా ఉన్న మనిషితో వీడియోలో మాట్లాడుతూ ఒకే పత్రం మీద పనిచేయడం, ఇవన్నీ అంతమంది ముందు ఒక్క చోట కనిపించింది ఆ రోజే. అందరూ వేదిక మీది మనిషి గురించే చెప్తారు. నాకు మాత్రం హాలు వెనక కూర్చున్న బిల్ ఇంగ్లీష్ అంటే గౌరవం. అసలు కంప్యూటర్ ఉన్నది దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో, మెన్లోపార్క్‌లో. అక్కణ్ణుంచి బొమ్మ ఇక్కడి తెర మీదికి రావడానికి మైక్రోవేవ్ లింకులు అద్దెకి తీసుకుని, ఎప్పుడు ఏ కెమెరా కలపాలో, ఎవరు ఎప్పుడు తెర మీదికి రావాలో నడిపించింది ఆయన. తొంభై నిమిషాల వెనక అంత ఏర్పాటు ఉంది. మీ బృందంలో ఆ వెనక కూర్చునే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. ఆ మనిషికి స్టాల్‌లో మాట్లాడే పని అప్పజెప్పొద్దు. తీగలు, ఛార్జింగు, అంకె కదులుతోందా లేదా అన్నదే ఆ మూడు రోజులూ వాళ్ళ లోకం కావాలి.

బళ్ళారి పెద్దాయన

రెండో రోజు మా బావమరిది ఒక పని చేశాడు. రూములో ఉన్న తేజ కాయల పొట్లం విప్పి (ఇంటి కారం లేనిదే అతనికి ముద్ద దిగదు, ఎండుకాయలు కూడా వెంట పెట్టుకుంటాడు), థర్మోకోల్ పెట్టెలో ఐసు ముక్కలు వేసి, పైన ఓ గుప్పెడు కాయలు గుడ్డ సంచిలో పెట్టి, సెన్సర్ మొనని అందులో దూర్చాడు. తెర మీద అంకె దిగడం మొదలెట్టింది. ఫ్లెక్సీ మీద మేం ఇంగ్లీషులో రాయించుకున్న నాలుగు వాక్యాలకి ఎవరూ ఆగలేదు. మిరపకాయ ఘాటుకి ఆగారు. ఒకరు తుమ్మి ఆగారు. "ఇదేంటండీ, కాయలెందుకు?" అని వాళ్ళే మొదలెట్టారు. ఎదుటివాళ్ళు మొదలెట్టిన సంభాషణకి, మనం చెయ్యి పట్టుకుని ఆపి మొదలెట్టిన సంభాషణకి చాలా తేడా ఉంది. మీ పని దేని గురించో ఆ వస్తువునే బల్ల మీద పెట్టండి. మట్టి గురించైతే మట్టి, పాల గురించైతే పాలు.

అలా ఆగినవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నారు. తెల్ల చొక్కా, చేతిలో సదస్సువాళ్ళిచ్చిన సంచి. కొడుకు ఏదో సాఫ్ట్‌వేర్ స్టాల్‌లో ఉంటే చూడ్డానికి వచ్చారట. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని దగ్గరికి వచ్చారు. సొంతూరు బళ్ళారి. బ్యాడిగి దగ్గర కోల్డ్ స్టోరేజీలో వాటా ఉందన్నారు. బ్యాడిగి అంటే మిర్చి పండించేవాడికి వేరే చెప్పక్కర్లేదు. కర్ణాటకలో హావేరి జిల్లా, ముడతల కాయ, కారం తక్కువ, రంగు ఎక్కువ. రంగు కోసమే కొంటారు కాబట్టి అక్కడ రంగు పోవడమంటే మొత్తం పోవడమే.

నేను రెండు నిమిషాల పాఠం అందుకున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఈ పెట్టె యాడ పెడతారు తమ్ముడూ?"

"గోడకండీ. గదికి రెండు."

"గోడ కాడ ఎంతుండాదో నాకూ తెలుసు. నా కాడ థర్మామీటరుండాది." ఆయన రెండు పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టారు. మళ్ళీ కింది పిడికిలి తీసి పైన పెట్టారు. అలా సంచులు ఒకదాని మీద ఒకటి అట్టీ పేరుస్తున్నట్టు చూపించి, ఆఖరికి మా మిరపకాయల సంచి తీసుకుని రెండు చేతుల మధ్య దాచేశారు. "ఎండాకాలంలో లారీ దిగిన సంచి పొయ్యిలా ఉంటాది. దాన్ని తెచ్చి అట్టీ నడుమన పెడ్తిమి. చుట్టూరా సంచులే. గాలి యాడ పోతాది? ఈ నడుమ సంచిలో ఎంతుండాదో చెప్తాదా మీ పెట్టె?"

చెప్పదు. ఆ మాటే చెప్పాను. "చెప్పదండీ."

నాకు ఆ క్షణం ఇంకా కళ్ళకి కట్టినట్టు ఉంది. నా జేబులో కార్డులున్నాయి, నోట్లో పాఠం ఉంది. అవి రెండూ పక్కన పెట్టి ఆయనకి కుర్చీ వేశాను. మా అమ్మాయి నోటుబుక్కు తెరిచింది. ఆయన నలభై నిమిషాలు కూర్చున్నారు. సంచి నడుమ ఎన్నాళ్ళకి చల్లబడుతుందని అడిగితే, ముఠావాళ్ళు చెయ్యి దూర్చి చూసి చెప్తారని, తను నమ్మేది ఆ చెయ్యినే అని అన్నారు. బయటికి తీసేటప్పుడు ఎండలో చల్లటి సంచికి చెమట పడుతుందని, ఆ చెమటకే బూజు వస్తుందని, లోపల కంటే ఆ గుమ్మం దగ్గరే నష్టం ఎక్కువని చెప్పారు. మేం గుంటూరులో పుట్టి పెరిగినవాళ్ళం. స్టోరేజీల చుట్టూ ఏడాదిన్నర తిరిగాం. అక్కడి యజమానులు మా నాన్నలకి తెలిసినవాళ్ళు కాబట్టి "బాగుంది బాబూ, కానివ్వండి" అన్నారే కానీ, ఎవరూ పిడికిళ్ళు పేర్చి చూపించలేదు. పరాయి ఊరి మనిషికి మనతో మొహమాటం లేదు. సదస్సుకి వెళ్ళినందుకు దొరికే అసలైన లాభం ఇదేనని నా గట్టి నమ్మకం.

ఇలాంటి మనిషి మీ స్టాల్‌కి వస్తే చేయాల్సింది ఒకటుంది, అది చాలా కష్టం. సమర్థించుకోవద్దు. "అది కూడా తర్వాతి వెర్షన్లో వస్తుందండీ" అనాలని నాలుక దురద పెడుతుంది. అంటే ఆయన సరే అని లేచి వెళ్ళిపోతారు. లేదు అని ఒప్పుకుంటేనే తర్వాతి మాట చెప్తారు.

వేదికలు, వరండాలు, రాత్రి నోటుబుక్కు

ప్రసంగాల గురించి ఎక్కువ చెప్పను. పెద్ద వేదికల మీద మాట్లాడింది చాలావరకు తర్వాత వీడియోల్లో దొరుకుతుంది. మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్నవి రోజుకి ఒకటి ఎంచుకోండి, ఒక్కరే వెళ్ళండి, అయిపోగానే వక్త చుట్టూ మూగే జనంలో కాకుండా వెనక వరసలో నోట్స్ రాసుకున్నవాళ్ళతో మాట కలపండి. వాళ్ళకీ మీలాంటి ఇబ్బందే ఉండొచ్చు.

జనం నిజంగా మాట్లాడుకునేది వరండాల్లో. 2007 మార్చిలో ట్విట్టర్‌వాళ్ళు అమెరికాలోని ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ సదస్సుకి వెళ్ళినప్పుడు హాల్లో స్టాల్ మీద కాకుండా, జనం నడిచే వరండాల్లో రెండు పెద్ద తెరలు పెట్టి, అక్కడివాళ్ళు పంపే సందేశాలే వాటి మీద వేశారు. రోజుకి 20 వేల దగ్గరున్న సందేశాలు ఆ రోజుల్లో 60 వేలకి చేరాయి. మన దగ్గర అంత డబ్బు లేకపోయినా ఆలోచన మాత్రం తీసుకోవచ్చు. కాఫీ దగ్గర, భోజనాల వరసలో, ఫోన్ ఛార్జింగు పెట్టుకునే చోట ఒకరు ఎప్పుడూ ఉండాలి. నలుగురూ ఒకే స్టాల్‌లో బల్ల వెనక గోడ కట్టినట్టు నిలబడితే వచ్చేవాడు భయపడతాడు. మేం మొదటి రోజు అలాగే నిలబడ్డాం. రెండో రోజు నుంచి స్టాల్‌లో ఇద్దరు, బయట ఒకరు, ఒకరికి విశ్రాంతి. విశ్రాంతి అన్నది మర్యాదకి పెట్టిన మాట కాదు. మూడో రోజు సాయంత్రానికి గొంతు పోయి, కాళ్ళు లాగి, ఎదుటి మనిషి చెప్పేది చెవికెక్కని స్థితికి వస్తారు. వినడానికి వెళ్ళి వినే శక్తి పోగొట్టుకుంటే ఎలా?

రాత్రి పని అన్నిటికంటే ముఖ్యం. మెజెస్టిక్ దగ్గర లాడ్జిలో, పడుకునే ముందు గంటసేపు నలుగురం మంచం మీద కార్డులన్నీ పోసి కూర్చున్నాం. ప్రతి కార్డు వెనక ఆ మనిషి అన్న మాట ఒకటి రాశాం, వాళ్ళు వాడిన పదాల్లోనే. "ఆసక్తి చూపారు" అని రాయడం నిషేధం. ఏమన్నారో గుర్తురాని కార్డు వేరే పెట్టాం. మొదటి రోజు రాత్రి వేరే పెట్టిన కుప్పే పెద్దది. అది చూశాకే మా ప్రశ్న మార్చుకున్నాం. మూడో రాత్రికి కుప్పలు తారుమారయ్యాయి, మొత్తం కార్డులు మాత్రం సగమైపోయాయి. ఎన్ని కార్డులొచ్చాయని ఊళ్ళో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి తక్కువగా అనిపించవచ్చు. వెనక మాట ఉన్న కార్డుల్నే లెక్కపెట్టండి.

తిరిగొచ్చాక

ఊరు చేరిన రెండు రోజుల్లోపు కబురు పంపాలి. అందరికీ ఒకే సందేశం కాపీ కొట్టి పంపితే ఎవరూ చదవరు. కార్డు వెనక రాసిన మాటతోనే మొదలుపెట్టండి. బళ్ళారి పెద్దాయనకి నేను వాట్సాప్‌లో రాసింది ఇంతే: "నమస్కారమండీ. సంచి నడుమ ఎంతుందో మీరడిగారు. ఆ పని మొదలుపెట్టాం. సంక్రాంతి తర్వాత ఒక నమూనా తెచ్చి మీ అట్టీలో పెట్టి చూడొచ్చా?" అమ్మకం మాట లేదు, ధర లేదు. ఆయన అడిగినదానికి మా జవాబు మాత్రమే. రెండు గంటల్లో ఫోన్ చేశారు.

ఇంకో మాట, ఖర్చు గురించి. రైలు, లాడ్జి, తిండి, ఫ్లెక్సీ కలిపి ఆ ప్రయాణానికి మాకైంది 38 వేలు. అప్పుడది మా నలుగురికీ పెద్ద మొత్తమే. తిరిగొచ్చిన వారంలో ఆ అంకె కింద "ఏం తెలిసింది?" అని రాసుకుని జవాబు రాశాం: గోడ మీద కాదు, అట్టీ నడుమ. లోపల మాత్రమే కాదు, గుమ్మం దగ్గర కూడా. ఏడాదిన్నరగా మేం చేసిన పెట్టె డిజైన్ పక్కన పెట్టాల్సి వచ్చింది. మా బావమరిది రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ పెట్టె అచ్చు పోయించింది అతనే, డబ్బులు కూడా అతనివే. మూడో రోజు పొద్దున్నే వచ్చి "బావా, ధాన్యం బస్తాలో గుచ్చి శాంపిల్ తీసే గొట్టం ఉంటుంది చూడు, అలాంటిదైతే సంచిలోకి దిగుతుంది" అన్నాడు. రేడియో కూడా మార్చాం. సంచుల గుట్ట మధ్యలోంచి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగ్గా రాదు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా వదిలిన బ్యాండ్ ఉంది, తక్కువ ఫ్రీక్వెన్సీ అడ్డంకుల్ని మెరుగ్గా దాటుతుంది. దానికి మారాం.

ఫిబ్రవరిలో బ్యాడిగి వెళ్ళాం, ఇద్దరమే, ఒక గొట్టం పట్టుకుని. స్టోరేజీలో కాలు పెట్టగానే చెవులు జివ్వుమన్నాయి. ముఠా మేస్త్రీ అట్టీ మీదికెక్కి, ఏడో వరసలో ఒక సంచి పక్కకి జరిపి, గొట్టం దించాడు. మా అమ్మాయి కింద ఫోను పట్టుకుని నిలబడింది. పెద్దాయన ఫోను వైపు చూడలేదు. మేస్త్రీని ఆ సంచిలోకి చెయ్యి పెట్టమన్నారు. అతను మోచేతి దాకా దూర్చి, కాసేపుంచి, "ఇంకా వెచ్చగుండాది సామీ" అన్నాడు. అప్పుడు ఫోను తీసుకుని అంకె చూశారు. మళ్ళీ మేస్త్రీ వైపు చూశారు.

"పన్నెండో వరసలో ఇంకోటి దించండి," అన్నారు.